అతుకులు లేని నేల

2024 డిసెంబరు 21 నుంచి వరసగా మూడు రోజులు ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కంపించింది. చిన్న ప్రకంపనలే, ఒక్కోటీ కొన్ని క్షణాలే. జనం మాత్రం ఇళ్లలోంచి బయటికి పరిగెత్తారు. ఆ పల్లెల పేర్లు కొద్దిరోజులు టీవీల్లో వినపడ్డాయి, తర్వాత అందరూ మర్చిపోయారు. ఒక ఊరి నేల వార్తల్లోకి ఎక్కాలంటే అది ఊగాలి. మిగతా రోజుల్లో కాళ్లకింది నేల గురించి మనతో మాట్లాడేది ఒకే ఒక్క వర్గం. దాని మీద వేసే పూతలు అమ్మేవాళ్లు.

బాగా మాట్లాడతారు కూడా. ఫోన్ తెరవగానే నిమిషం లోపు వీడియో. మేకుల చెప్పులు వేసుకున్న కుర్రాడు బకెట్‌లోంచి చిక్కటి ద్రవాన్ని నేల మీద ఒలకబోస్తాడు. పళ్లున్న పట్టీతో లాగుతాడు. ముళ్ల రోలరు దొర్లిస్తాడు. అంతే, నేల అద్దమైపోతుంది. పైన లైటు, కింద లైటు. సీమ్‌లెస్, గ్లాసీ, లైఫ్‌టైమ్ అని మూడు మాటలు తెర మీద మెరుస్తాయి. ఇంకొంచెం డబ్బు పెడితే త్రీడీ నేల: బాత్రూంలో డాల్ఫిన్లు, హాల్లో తామరకొలను. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు వేసవి వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరసలో కూర్చుంటాయి. ముండ్లమూరు, దర్శి వైపు సాగర్ కుడికాలువ నీళ్లు చివరి పొలం దాకా వస్తాయా రావా అన్నది ఏటా ఉండే బెంగే. అలాంటి చోట సముద్రం బొమ్మ మీద నిలబడి చెంబుతో పొదుపుగా నీళ్లు పోసుకోవచ్చని మనకి ఆశ చూపిస్తున్నారు.

ఎపాక్సీ మీదా, క్వార్ట్జ్ మీదా నాకు పగ లేదు. అవి చేసే పనులు వాటికున్నాయి. నా గొడవ ఆ వీడియోలన్నీ గర్వంగా చెప్పే ఒక్క మాటతోనే: 'అతుకులు లేవు.' నేలకి అతుకు ఉండటం అనాగరికమనీ, దాన్ని కనపడకుండా చేస్తే ఇల్లు ఒక మెట్టు ఎక్కినట్టేననీ మనని నమ్మిస్తున్నారు. ఆ అతుకుతో పాటు కనపడకుండా పోతున్నవి ఇంకా ఉన్నాయి. కింద ఉన్న చెమ్మ, రేపటి మరమ్మతు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ నేల వేసినవాడి ఊపిరితిత్తులు.

ముందు వస్తువేమిటో చూద్దాం. విరిగిన బొమ్మ అతికించడానికి రెండు ట్యూబులు కలిపి పూసే ఆరల్డైట్ తెలుసు కదా. ఎపాక్సీ నేల దాని పెద్దన్న. ఒక డబ్బాలో రెజిన్, ఇంకో డబ్బాలో హార్డ్‌నర్. రెండూ కలిస్తే అణువులు వలలా అల్లుకుపోయి మళ్లీ కరగని ప్లాస్టిక్ తయారవుతుంది. స్విట్జర్లాండ్‌లో పియెర్ కాస్టాన్, అమెరికాలో సిల్వాన్ గ్రీన్‌లీ 1930ల్లో, 40ల్లో విడివిడిగా పనిచేసి దీనికి దారి వేశారు. 1946లో ఆరల్డైట్ బజారుకొచ్చింది. అంటే 'సరికొత్త టెక్నాలజీ' వయసు మన తాతల వయసు. ఇక క్వార్ట్జ్ నేల అంటే, ఆ జిగురు పచ్చిగా ఉండగానే రంగు పట్టించిన పలుగురాతి ఇసుకని విత్తనాలు చల్లినట్టు చల్లి, గట్టిపడ్డాక మిగిలింది ఊడ్చేసి, పైన ఇంకో పూత వేయడం. ఇసుక వల్ల కాలు జారదు, నేల తొందరగా అరగదు.

ఆపరేషన్ థియేటర్లో ఇది ఉండాల్సిందే. బండల సందుల్లో రక్తం ఇంకితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. మందుల ఫ్యాక్టరీలో, బరువైన సరుకు బండ్లు తిరిగే గోడౌన్‌లో, నూనె ఒలికే వర్క్‌షాపులో కూడా దీనికి అర్థం ఉంది. అక్కడ అతుకు నిజంగానే శత్రువు. మన హాల్లో ఎవరికీ ఆపరేషన్ జరగదు. అక్కడ ఉండేవి తడికాళ్లు, ఎండ, మంచం కోళ్లు, ఈడ్చిన బియ్యం బస్తా. హాస్పిటల్ అవసరాన్ని ఇంటికి అందంగా మార్చి అమ్మడమే ఈ వ్యాపారం.

ఇంట్లో ఏమవుతుంది? ఎపాక్సీ నేలని ఊపిరాడనివ్వదు. కింద కాంక్రీటు ఆరి ఉండాలి. కొత్త కాంక్రీటైతే 28 రోజులన్నా ఆగమంటారు. భూమిలోంచి చెమ్మ పైకి రాకుండా కాంక్రీటు కింద ప్లాస్టిక్ షీటు పరిచి ఉండాలి. మన ఊళ్లలో బేస్‌మెంటు అంటే మట్టి నింపి, నీళ్లు పట్టి, దిమ్మిస కొట్టి, పైన కంకర వేయడం. షీటు ఎవరు పరిచారు? నల్లరేగడి ఉన్న చోట భూమి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పైకొచ్చే చెమ్మకి దారి దొరక్క పూత బొబ్బలెక్కుతుంది, పొరలుగా లేస్తుంది. పాత నాపబండల నేల కూడా చెమ్మ పట్టేది. కానీ ఆ చెమ్మ బండల సందుల్లోంచి బయటికి పోయేది. వానాకాలం తడిసేది, మళ్లీ ఆరేది. ఆ సందుల వల్లే నేలకి గాలి ఆడేది.

ఎండ సంగతి చూడండి. మామూలు ఎపాక్సీ సూర్యకాంతికి పసుపెక్కుతుంది. ఆపాలంటే పైన పాలీయురేథేన్ లాంటి ఇంకో పూత వేయాలి. గది వేడిలో గట్టిపడే మామూలు ఎపాక్సీల్లో చాలావాటికి 50, 60 డిగ్రీల దగ్గర పట్టు సడలుతుంది. స్విట్జర్లాండ్‌లో అది పెద్ద విషయం కాకపోవచ్చు. మే నెలలో మధ్యాహ్నమంతా ఎండ పడే మన వరండా నేల ఎంత కాలుతుందో అరికాళ్లకి తెలుసు.

పగుళ్ల సంగతి ఇంకోటి. ఈ పూత మందం రెండు మూడు మిల్లీమీటర్లు, పల్చటి రకమైతే అంత కూడా ఉండదు. కింద కాంక్రీటు పగిలితే పైన అద్దం కూడా అదే గీతలో పగులుతుంది. ముండ్లమూరు ప్రకంపనలకి ఎవరి ఎపాక్సీ పగిలిందో నేను చెప్పడం లేదు. భూమి కదిలినా, రేగడి ఉబ్బినా, పునాది కుంగినా దాన్ని ఆపే శక్తి పూతకి లేదంటున్నాను. బండల నేలలో ఒక బండ పగిలితే తాపీమేస్త్రి వచ్చి అదొక్కటే పెకిలించి ఇంకోటి పెట్టిపోతాడు. ఇక్కడ అతుకు వేస్తే ఆ అతుకే ఎబ్బెట్టుగా కనపడుతుంది. మొత్తం గీకి మళ్లీ వేయమంటారు. 'లైఫ్‌టైమ్' అన్నది ఎవరి లైఫో అడిగి రాయించుకోండి.

ఇదంతా ఇంటి యజమాని నష్టం. డబ్బు నష్టం. డబ్బుతో పోయేదాని గురించే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు.

వీడియోలో చూపించని పని ఒకటుంది. పూత పట్టాలంటే ముందు నేలని గరుకు చేయాలి. వజ్రపు పలుకులు పొదిగిన డిస్కులతో కాంక్రీటుని అరగదీస్తారు. పాత టైల్స్ ఉంటే వాటి మెరుపుని చెరిపేస్తారు. కాంక్రీటులో ఇసుక ఉంది, కంకర ఉంది. ఇసుకలో ఎక్కువ భాగం పలుగురాయే. క్వార్ట్జ్ అన్నా, పలుగురాయి అన్నా, స్ఫటిక రూపంలో ఉన్న సిలికా అన్నా ఒకటే. రాయిగా ఉన్నంతసేపు అదెవరినీ ఏమీ అనదు. జిగురులో గట్టిగా కూరుకుపోయాక దాని మీద మీ పాప పాకినా ఏమీ కాదు. ప్రమాదం దాన్ని కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు. కంటికి కనపడే దుమ్ము ముక్కులో ఆగుతుంది. కనపడని దుమ్ము, కొద్ది మైక్రాన్లది, ఊపిరితిత్తుల లోపలి గాలిగదుల దాకా పోతుంది. అక్కడ మచ్చ కడుతుంది. ఆ మచ్చ పేరు సిలికోసిస్. దానికి మందు లేదు. పని మానేసినా జబ్బు ముదరొచ్చు. క్షయ వచ్చే ప్రమాదాన్ని పెంచుతుంది. చాలాసార్లు క్షయ అనుకునే మందులిస్తారు. మనిషి చనిపోయాక అతని రాయి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

తువ్వాలు చుట్టుకుంటే చాలదా? చాలదు. ఆ నేత సందులు ఈ ధూళి కన్నా చాలా పెద్దవి. దుమ్ముని పుట్టినచోటే పీల్చేసే వాక్యూమ్ తగిలించిన గ్రైండర్లున్నాయి. నీళ్లు పోస్తూ అరగదీసే పద్ధతి ఉంది. ముఖానికి అతుక్కునే సరైన మాస్కులున్నాయి. వీటికి డబ్బవుతుంది. ఇక హార్డ్‌నర్‌లో ఉండే అమైన్లు, గట్టిపడని రెజిన్, చర్మానికి తగిలి అలర్జీ ఒకసారి వచ్చిందంటే జీవితాంతం వదలకపోవచ్చు. తర్వాత చుక్క తగిలినా దద్దుర్లే. మేకుల చెప్పుల కుర్రాడు వీడియోలో గ్లౌజులు వేసుకున్నాడా లేదా, ఈసారి చూడండి.

వంటింటి గట్టు మీద పరిచే క్వార్ట్జ్ పలకల కథ తెలిస్తే ఈ మాటలు అతిశయోక్తి అనిపించవు. అవి కూడా ఇదే కుటుంబం: పలుగురాతి పొడిని రెజిన్‌తో కలిపి, అదిమి, కాల్చి చేసినవి. కొన్నిటిలో సిలికా 90 శాతం పైనే. ఆస్ట్రేలియాలో వీటిని కోసే పనివాళ్లకి, అందులో ముప్పైల్లో ఉన్నవాళ్లకి కూడా, సిలికోసిస్ వచ్చింది. యూనియన్లు కొట్లాడాయి. 2024 జులై 1 నుంచి ఆ దేశం వాటి తయారీని, అమ్మకాన్ని, కోతని, బిగింపుని నిషేధించింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. మన దగ్గర అదే వస్తువుని 'ప్రీమియం' అని పిలుస్తున్నాం.

ఇక్కడిదాకా చదివి మనలో చాలామంది తృప్తిగా తలాడించి ఉంటారు. ప్లాస్టిక్ నేలని, త్రీడీ డాల్ఫిన్ని వెక్కిరించడం మనకి తేలిక. మన అభిరుచి వేరు. మనకి ఎర్ర ఆక్సైడ్ గచ్చు కావాలి, అత్తంగుడి టైల్స్ కావాలి, ఫామ్‌హౌస్‌లో 'ఎర్తీ' నేల కావాలి. కవిత్వంలో అయితే పేడతో అలికిన నేల కావాలి. దాని చల్లదనం గురించి, వాసన గురించి తెలుగులో రాసినంత మంది ఆ అలికిన మోకాళ్ల గురించి రాయలేదు. నేల అలుకు మాసిందని తెల్లారకముందే లేచి నడుం వంచిన ఆడవాళ్లకి సిమెంటు గచ్చు ఒక విడుదల. టైల్స్ ఇంకా పెద్ద విడుదల. వాళ్లలో ఎవరూ మళ్లీ పేడ బకెట్ కోసం కలవరించడం లేదు. ఆ కలవరింత వాళ్ల కొడుకులది, మనవలది.

రాయి సంగతీ అంతే. పశ్చిమ ప్రకాశం రాతి సీమ. కడప బేసిన్‌లోని కంభం పొరల పలకరాయి మార్కాపురం చుట్టూ భూమిలో ఉంది. తెలుగు పిల్లలు తరాల పాటు దిద్దిన పలకలకి మార్కాపురం పెట్టింది పేరు. నోటుపుస్తకం వచ్చి పలక పోయాక, అదే రాయిని గోడలకీ నేలలకీ టైల్స్‌గా కోసి విదేశాలకు పంపడం మొదలైంది. సహజమైన రాయి, రసాయనాల్లేవు, అతుకులున్నాయి. కాబట్టి మంచిదేనా? పలకరాతిలోనూ క్వార్ట్జ్ ఉంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాలు కోసే పనివాళ్ల ఊపిరితిత్తులు ఎలా పాడయ్యాయో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ దశాబ్దాల కిందటే పరిశోధించి చెప్పింది. ఓనమాలు దిద్దటానికి వాడే వస్తువు కోసం మనుషులు ఊపిరి పోగొట్టుకున్నారు. 'పలకాబలపం' అని మురిపెంగా రాసుకునే మన జ్ఞాపకాల్లో ఆ దుమ్ము ఎక్కడుంది?

చీమకుర్తి చూడండి. అక్కడి బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా తిరుగుతుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గాని, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి, క్వార్ట్జ్ చాలా తక్కువ. అయితే కోత మిషన్లు ఆ ఒక్క రాయినే కోసుకుంటూ కూర్చోవు, వేరే రంగుల గ్రానైట్ కూడా కోస్తాయి. వాటిలో క్వార్ట్జ్ దండిగా ఉంటుంది. ఆ మిషన్ల దగ్గర ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు కూడా పనిచేస్తారు. దగ్గు ముదిరితే రైలెక్కి సొంతూరు పోతారు. ఆ జబ్బు మన జిల్లా లెక్కల్లోకి రాదు. మన అభివృద్ధికి కూడా అతుకులు కనపడవు.

అందుకని సహజమా, కృత్రిమమా అన్న చర్చ నాకు పనికిమాలినదిగా కనిపిస్తుంది. సిలికా ధూళి మార్కాపురం పలక నుంచి వచ్చిందా, మీ హాల్లో కాంక్రీటు నుంచి వచ్చిందా అని ఊపిరితిత్తి అడగదు. నేలని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

మొదటిది, నా నేల దీన్ని భరిస్తుందా? దీనికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ప్లాస్టిక్ షీటుని నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు వేసి, కనీసం 16 గంటలు వదలండి. తీసి చూస్తే లోపల నీటిచుక్కలున్నా, కాంక్రీటు నల్లబడినా ఆ నేలకి పూత వద్దు. రెండోది, ఇది చెడితే మా ఊళ్లో ఎవరు బాగుచేస్తారు? హైదరాబాదు నుంచి జట్టు రావాలంటే అది మీ ఇంటి నేల కాదు, వాళ్ల అద్దె నేల. మూడోది, దుమ్ము ఎక్కడికి పోతుంది? కొటేషన్‌లో చదరపు అడుగు రేటు ఉంటుంది, రంగు నంబరు ఉంటుంది. వాక్యూమ్ గ్రైండరుకి, మాస్కులకి, గ్లౌజులకి ఒక లైను ఉందా? లేకపోతే రాయించండి, దానికి డబ్బివ్వండి. బేరం ఆడేటప్పుడు ముందు ఎగిరిపోయేది ఆ లైనే. మనం తగ్గించుకున్న ఆ రూపాయల్ని వాళ్లు ఊపిరితో కడతారు.

ఒక్క ఇంటివాళ్ల మంచితనంతో తీరే పని కాదిది. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టింది. కానీ గ్రైండరు వ్యానులో వేసుకుని ఇల్లిల్లూ తిరిగే నలుగురి జట్టు ఏ ఫ్యాక్టరీ కిందికి వస్తుంది? భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, నిర్మాణాల మీద వసూలు చేసే సెస్సుతో సంక్షేమ బోర్డులు నడుస్తున్నాయి. ఎపాక్సీ జట్టు, పలకరాయి కోసేవాడు, టైల్స్ కోసేవాడు ఏటా ఒక ఛాతీ ఎక్స్‌రే ఆ డబ్బుతో తీయించుకోగలగాలి. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ మీద ఒక విధానమే తెచ్చింది. జబ్బు నిర్ధారణ అయిన కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు. ఆ డబ్బు ఊపిరిని వెనక్కి తేదు. అయినా 'నీకీ జబ్బు ఈ పని వల్లే వచ్చింది' అని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. రాతి మీద బతికే ఆంధ్రప్రదేశ్‌కి అలాంటి విధానం, అంతకన్నా గట్టిది, కావాలి.

ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. తరతరాలుగా మట్టినేల మీద పడుకున్నవాడు ఇవాళ నాలుగు డబ్బులు చూసి, అద్దంలాంటి నేల వేయించుకుంటే పట్నంలో కూర్చున్నవాళ్లకి ఏడుపెందుకు? సరైన ప్రశ్న. మెరుపు కోరుకోవడం నేరం కాదు. డాల్ఫిన్ కావాలనుకోవడం కూడా నేరం కాదు, అభిరుచి ఎవరి సొంతమూ కాదు. అతని కోరికని వాడుకుని, చెమ్మ పరీక్ష చేయకుండా, వరండా ఎండని లెక్కపెట్టకుండా, రెండేళ్లలో బొబ్బలెక్కే పూతని 'లైఫ్‌టైమ్' అని అంటగట్టేవాణ్ణి తప్పు పట్టాలి. ఆ మెరుపు కోసం దుమ్ము మింగేది మళ్లీ అలాంటి ఇంటి కుర్రాడే అని కూడా గుర్తుపెట్టుకోవాలి. నేల కొన్నవాడికీ నేల వేసినవాడికీ మధ్య ఉన్న ఈ అతుకుని చూడనివ్వకపోవడమే ఆ వీడియోల అసలు నైపుణ్యం.

మనం రాసేవాళ్లం, చదివేవాళ్లం. అమ్మేవాళ్ల భాష మెరుపు దగ్గర ఆగిపోతుంది. మన భాష చల్లదనం దగ్గర, వాసన దగ్గర ఆగిపోతుంది. రెండూ గ్రైండరు స్విచ్ వేసే క్షణానికి ముందో తర్వాతో తప్పుకుంటున్నాయి. తెలుగులో నేల గురించి ఈసారి ఎవరైనా రాస్తే ఆ గది తలుపులు మూసి, గ్రైండరు నడుస్తున్న ఆ రెండు గంటల గురించి రాయండి. మీ ఫ్లాట్‌లో పని జరుగుతుంటే వెళ్లి చూడండి. పనివాడి కనురెప్పల మీద తెల్లగా పేరుకున్నదేమిటో అడగండి. ఆ తర్వాత కొటేషన్ మీద సంతకం పెట్టండి.